కల్లు పిచ్చి కాదు, మాత్రల వేడి

థర్మామీటరును బీరువాలో పెట్టి తాళం వేసిన నర్సును నేను. అది పగిలితే స్టోరు గుమ్మం ముందు నిలబడి సంజాయిషీ రాసివ్వాలి. ఆ పని నాకు నామోషీగా ఉండేది. అందుకని క్యాజువాల్టీ బల్ల మీద ఉండాల్సిన వస్తువు బీరువాలో భద్రంగా ఉండేది, తాళంచెవి నా జేబులో ఉండేది. ఆ థర్మామీటరు ఏళ్ళ తరబడి చెక్కుచెదరలేదు. దాని భద్రత పుణ్యమా అని ఒక లారీ డ్రైవరు మాత్రం చావు దాకా వెళ్ళొచ్చాడు.

ఈ సంగతి చెప్పకుండా నా ఉద్యోగం గురించి ఎన్ని చెప్పినా అది సగం మాటే అవుతుంది. నా పేరు యాదమ్మ. మా అమ్మ యాదగిరిగుట్టకు మొక్కుకుంటే పుట్టానట, అందుకని ఆ పేరు. దవాఖానలో అందరికీ సిస్టరమ్మను. రిటైరయ్యాక మోత్కూరులో ఉంటున్నాను. పొద్దున్నే రెండు మేకలకు ఆకు వేసి, నడుం పట్టేస్తే కాసేపు తిట్టుకుని, చాయ తాగి కూర్చుంటాను. హాయిగానే ఉంది. మా వీధిలో ఇద్దరు అమ్మాయిలు నర్సింగు పూర్తిచేసి కొత్తగా డ్యూటీలో చేరారు. "పెద్దమ్మా, క్యాజువాల్టీల మాకు ఏం పనికొస్తదో గది జెప్పు" అని ప్రాణం తీస్తున్నారు. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు వాళ్ళకెందుకు? అవి నాకే గుర్తులేవు. గుర్తున్నది ఆ డ్రైవరు, అతని భార్య, నేను పోగొట్టిన ఒక గంట. ఆ గంట సంగతి ఆమెతో చెప్పాలా వద్దా అన్నది ఉద్యోగం చివరిదాకా నన్ను వదల్లేదు.

అలవాటు పడిన కన్ను

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పాలమూరు వైపు పనిచేశాను. అక్కడ కొన్ని ఊళ్ళలో కల్లు అంటే చెట్టు కల్లు కాదు. నిద్రమత్తు మందు కలిపిన కల్లు. పొద్దున కూలికి పోయే ముందు ఒక సీసా, వచ్చాక ఒక సీసా. ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ అందరూ తాగేవాళ్ళు. అధికారులు దాడులు చేసి కల్లు దుకాణం మూయించిన రెండో రోజుకో మూడో రోజుకో జనం దవాఖానకు వరస కట్టేవాళ్ళు. చెమటలు, వణుకు, లేని మనుషులతో మాటలు, మంచం మీంచి దూకడం, కొందరికి ఫిట్స్. దీన్ని మేం కల్లు పిచ్చి అనేవాళ్ళం.

ఒక్కోరోజు మంచాలు చాలక వరండాలో చాపలు వేశాం. మీదపడి కొరికేవాళ్ళను మంచానికి కట్టేసేవాళ్ళం. మా సూపరింటెండెంటు గారి ఆర్డరు కూడా అదే: "ముందు కట్టేయండి, తర్వాత చూద్దాం. స్టాఫుకు దెబ్బలు తగలొద్దు." ఆయన చెడ్డవాడని నేను అనను. ఒకసారి ఒక రోగి వార్డు అటెండరు పళ్ళు రాలగొట్టాడు, అప్పట్నుంచి ఆయనకు భయం పట్టుకుంది. భయస్తుడి కింద పనిచేస్తే మనకూ భయమే అలవాటవుతుంది, అది మాత్రం చెప్పగలను.

అక్కణ్ణుంచి నల్లగొండ వైపు, హాలియాకు దగ్గర్లో హైవే మీద ఉన్న ఒక ఏరియా దవాఖానకు మారాను. పెట్టె, బోళ్ళతో పాటు ఆ కన్నును కూడా మోసుకొచ్చాను. చెమటలు పట్టి, గుడ్లు ఉరిమి, పెనుగులాడే మగవాడు కనిపిస్తే చాలు, దూరం నుంచే పేరు పెట్టేసేదాన్ని. ఎంత అనుభవం, అబ్బో! నన్ను చూసి కొత్త నర్సులు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

సైదులు వచ్చిన రోజు

యాసంగి, అంటే ఎండాకాలం పంట, వడ్లు మిల్లులకు తోలే రోజులు. ఎండ మండిపోతోంది. మిట్టమధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. నలుగురు మగవాళ్ళు ఒక మనిషిని మోసుకొచ్చారు. చేతులు తువ్వాలతో వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు సైదులు, లారీ డ్రైవరు. వెనకాల అతని భార్య మంజుల, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

మోసుకొచ్చినవాళ్ళలో ఒకాయన గుమ్మంలోనే చెప్పేశాడు. "కల్లు పిచ్చి మేడం. వారం దినాలసంది ఊర్ల కల్లు బందున్నది గదా!"

ఇంకేం, నా కంటికి సాక్ష్యం కూడా దొరికింది.

"లేదు సిస్టరమ్మా," అంది మంజుల. "మా ఆయన కల్లు ముట్టడు. నా పిల్లల మీద ఒట్టు."

"అందరు గట్లనే అంటరు. పిల్లల మీద ఒట్లెందుకు గని, ఎన్ని దినాలాయె బందువెట్టి?"

"తాగేటోడైతే గదనమ్మా బందువెట్టేటందుకు! మూడు దినాలసంది పండలే. దౌడలు పటపట కొరుకుతుండు. బువ్వ ముద్ద ముట్టలే. ఒళ్ళు పెనం లెక్క కాలుతాంది. జర నువ్వే ముట్టి సూడు."

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను, ఎందుకంటే ఈ పిల్లలకు పనికొచ్చేది అదే. "గింత ఎండల మోసుకొస్తిరి, కాలక ఏం జేస్తది?" అన్నాను. ముట్టుకోలేదు. నా చెయ్యి జేబులో తాళంచెవి పక్కనే ఉంది.

డ్యూటీ డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్లో కాన్పు కేసులో ఉన్నారు. కబురు పంపితే లోపల్నుంచే అడిగారు, "ఎప్పటిలాంటిదేనా?" అని. ఎప్పటిలాంటిదే సార్ అని చెప్పించాను. సైదులు రెండు చేతులూ రెండు కాళ్ళూ మంచం కోళ్ళకు గుడ్డ పట్టీలతో కట్టించాను. గట్టి ముళ్ళు, నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆ తర్వాత తేలు కుట్టిన ముసలమ్మను, చెయ్యి తెగిన కూలీని చూసుకున్నాను. అటు సైదులు గంటసేపు ఆ కట్లతో కొట్లాడాడు. మంచం చప్పుడు గది అంతా వినిపిస్తూనే ఉంది. మంజుల కాళ్ళ దగ్గర నిలబడి, కుడి చేతి గుప్పిట బిగించుకుని, ఎడమ చేత్తో కొంగుతో విసురుతూ ఉంది.

ఖదీర్ సాబ్ అడిగిన ప్రశ్న

మా ఫిజీషియను డాక్టర్ ఖదీర్ గారిని అందరం సాబ్ అనేవాళ్ళం. పొట్టి మనిషి. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. పై వార్డు చూసి దిగి వస్తూ, చప్పుడు విని మా గదిలోకి వచ్చారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా వెళ్ళి సైదులు ఛాతీ మీద చేతి వెనక భాగం ఆనించారు. వెంటనే వెనక్కి తీసుకున్నారు.

"సిస్టర్, ఒంటి వేడి ఎంత?"

"రాయలేదు సాబ్."

"రాయలేదా, చూడలేదా?"

ఆయన మామూలుగానే అడిగారు. బీరువా దగ్గరకు వెళ్ళాను. తాళం తిరగలేదు. చెవిని తిరగేసి దూర్చాను, ఇంకేం తిరుగుతుంది! తీసి పెట్టి చూస్తే పాదరసం నూట ఆరు దాటింది. బి.పి. చూస్తే మిషను తప్పేమో అనుకున్నాను. నాడి లెక్కపెట్టడానికి అందడం లేదు. సాబ్ టార్చి వేసి కళ్ళు చూపించారు. నల్లగుడ్డులో పాప ఇంత పెద్దదిగా విప్పారి ఉంది.

"ముందు కట్లు విప్పండి."

"కొడ్తడు సాబ్."

"కొట్టనీ. నలుగురం ఉన్నం గదా."

ముగ్గురు మెల్లగా పట్టుకుంటే నేను నరానికి సూది వేశాను. నిద్రపుచ్చి శాంతపరిచే మందు. ఒకటి చాలలేదు, కాసేపాగి సాబ్ ఇంకోటి వేయించారు. బట్టలు తీసేసి తడి దుప్పట్లు కప్పి ఫ్యాన్లన్నీ అటు తిప్పాం. నేను బయటికి పరుగెత్తి సోడా దుకాణం నుంచి ఐసు గడ్డలు తెచ్చాను. వస్తూ ఏడ్చాను కూడా. దాచుకోవడం దేనికి? గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో పెట్టాం. సెలైన్ ఎక్కించాం. అలవాటుకొద్దీ నేను జ్వరం సూది తీయబోతే సాబ్ ఆపారు. "ఇది జ్వరం కాదు సిస్టర్. ఇంజను వేడెక్కింది. బండిని ఆపాలె, నీళ్ళు పొయ్యాలె. జ్వరం మందుకు దిగది."

అప్పుడు మంజుల వైపు తిరిగారు. "అమ్మా, నేను పోలీసోణ్ణి కాదు. ఆయన లైసెన్సుతోని నాకు పనిలేదు. ఏం మింగిండో గదొక్కటి జెప్పు, సాలు."

మంజుల గుప్పిట విప్పింది. చెమటకు తడిసిన కాగితం పొట్లం, అందులో రెండు మాత్రలు, కొంత పొడి. "నిద్ర రాకుంట ఏసుకుంటడు సారు. మిల్లుకాడ లారీల లైను. మూడు దినాలసంది గీడికెళ్ళి గాడికి, గాడికెళ్ళి గీడికి. రోజుకొక్కటే అన్నడు. నిన్నటిసంది ఎన్ని మింగిండో నాకెర్క లేదు. జెప్తె జైల్ల ఏస్తరేమోనని..."

సాబ్ ఆ పొట్లం అందుకున్నారు. "మంచిగ జెప్పినవ్," అన్నారు.

సాయంత్రానికి వేడి దిగింది. కానీ గొట్టం పెడితే మూత్రం డికాక్షను రంగులో వచ్చింది. సాబ్ నన్ను పక్కకు పిలిచి చెప్పారు. అంత వేడిలో ఉన్న మనిషి కట్లతో పెనుగులాడితే కండరాలు చిట్లుతాయి, ఆ చెత్త అంతా పోయి కిడ్నీలకు అడ్డం పడుతుంది. హైదరాబాదుకు పంపాలి, డయాలిసిస్ పడొచ్చు. అంటే మాత్రలు చేసిన పనికి నేను కట్టించిన ముళ్ళు తోడయ్యాయన్నమాట. ఆయన ఆ మాట అనలేదు. అనకుండానే అర్థమైంది.

కేసు షీటు విషయంలో ఈ దవాఖాన సూపరింటెండెంటు గారు వేడి చూసిన టైము వెనక్కి జరిపి రాయమన్నారు. "మనకెందుకమ్మా తంటా" అని. నేను రాసేదాన్నేమో కూడా. ఖదీర్ సాబ్ పెన్ను నా చేతికిచ్చి, "వచ్చిన గంటకు చూశాను అని నీ చేత్తో రాయి సిస్టర్. అట్లైతే జన్మల మర్చిపోవు," అన్నారు. రాశాను. ఇద్దరు బాసుల్లో నాకు మేలు చేసిందెవరో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఎట్లా గుర్తుపట్టాలి

ఇదిగో పిల్లలూ, ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదవండి.

నిద్ర ఆపే మాత్రలు, పరుగు పందేలకూ జిమ్ముకూ పొడుచుకునే సూదులు, ఈ మధ్య మన టౌన్ల దాకా వచ్చిన పొడులు, పటికముక్కల్లాంటి గడ్డలు, పేరేదైనా శరీరంలో చేసే పని ఒక్కటే. మనిషిని ఉరికించడం. మోతాదు మించితే గుండె దడదడలాడుతుంది, బి.పి. పెరుగుతుంది, కంటిపాప విప్పారుతుంది, దవడలు బిగుస్తాయి, చెమట ధారలు కడతాయి. మనిషి ఒకచోట నిలవడు. ఎవరో తరుముతున్నారంటాడు. ఛాతీలో నొప్పి అంటే గుండెపోటు కావచ్చు, ఇరవై ఏళ్ళవాడైనా సరే ఇ.సి.జి. తీయాల్సిందే. మూతి వంకర పోయినా, మాట తడబడినా, తల పగిలిపోతోందన్నా మెదడులో నరం చిట్లిందేమో చూడాలి. ఫిట్స్ రావచ్చు. అన్నిటికన్నా తొందరగా చంపేది మాత్రం ఒంటి వేడి. చెమట ఆగిపోయి ఒళ్ళు పొడిగా కాలుతుంటే ఇంకా ప్రమాదం.

కల్లు పిచ్చికీ దీనికీ పోలిక ఉంది, కాదనను. అక్కడా చెమటే, వణుకే, ఫిట్సే. అదీ తేలిక జబ్బేం కాదు, ప్రాణం తీస్తుంది. మేం వేసే సూది కూడా చాలాసార్లు అదే జాతిది. కానీ అక్కడ మందు ఆగిపోయి వచ్చింది, ఇక్కడ మందు ఎక్కువై వచ్చింది. ఎన్నడు తాగాడు, ఏం మింగాడు, ఎన్ని రోజులు నిద్రలేదు అని ఇంటివాళ్ళను అడగండి. అడిగాక వాళ్ళు చెప్పింది నమ్మండి. వాళ్ళు పోలీసు భయంతో దాస్తే మీరు కోప్పడొద్దు. సాబ్ అడిగినట్టు అడగండి. వడదెబ్బా, మాత్రలా తేలకపోతే ఆలోచిస్తూ కూర్చోకండి, ముందు చల్లబరచండి. చల్లబరిస్తే ఎందులోనైనా మంచే జరుగుతుంది.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు చేయాల్సింది కొంతే. 108కు ఫోను కొట్టాలి. మనిషిని నీడకు చేర్చి, చుట్టూ మూగిన జనాన్ని దూరం తోలాలి, మెల్లగా మాట్లాడాలి. బట్టలు వదులు చేసి, తడి గుడ్డలు కప్పి గాలి తగిలేటట్టు చూడాలి. కట్టేయొద్దు, మీద కూర్చోవద్దు. నిద్రపుచ్చడానికి కల్లో సారాయో పోసేవాళ్ళున్నారు, వాళ్ళను నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా కుక్కడం మానేసి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు. అరిచి అరిచి హఠాత్తుగా చప్పుడు ఆగితే "పండిండు, నిద్రవట్టింది" అని సంబరపడకండి. శ్వాస ఆడుతోందో లేదో చూడండి. మాత్రల పొట్లమో, సూది సీసానో దొరికితే వెంట తీసుకురావాలి.

మా బాపు గొర్రెల కాపరి. మందలో గొర్రె ఒకటి వెనకబడితే దాని చెవి పట్టుకుని జ్వరం చెప్పేవాడు. ఆయన బిడ్డను నేను. సర్కారు చదువు చదివి, జీతం తీసుకుంటూ, మనిషిని ముట్టకుండా జబ్బు పేరు చెప్పాను. ఆ సిగ్గు మంచిదే, నన్ను పనిలో నిలబెట్టింది.

ఆ తర్వాత థర్మామీటరును కట్లు కట్టే గాజుగుడ్డ దారంతో క్యాజువాల్టీ బల్లకే కట్టాను. రిటైరయ్యేలోపు అయిదో ఆరో పగిలాయి. ప్రతిసారీ సంజాయిషీ రాశాను. చేతిరాత బాగుపడింది.

మామిడిపండ్ల సంచి

సైదులు బతికాడు. హైదరాబాదులో చాలాసార్లు డయాలిసిస్ చేశారు. కిడ్నీలు మళ్ళీ దారిలో పడ్డాయి. నెలన్నర తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ మామిడిపండ్ల సంచితో దవాఖానకు వచ్చారు. మనిషి సగమయ్యాడు. లారీ మానేసి కాలువ కింద రెండెకరాలు చేసుకుంటానన్నాడు.

మంజుల నా చేతులు పట్టుకుంది. "నీ చేతులల్ల బతికిండు సిస్టరమ్మా."

చెప్పాల్సిన సమయం అదే. నా చేతుల వల్లనే నీ మొగుడి కిడ్నీలు పోబోయాయి, నువ్వు ముట్టి చూడమంటే నేను ముట్టలేదు అని. నోటి దాకా వచ్చింది. "నాదేమున్నదమ్మా, అంత ఖదీర్ సాబ్ జేసిండు," అన్నాను. అది నిజమే, కానీ నేను దాని వెనక దాక్కున్నాను. వాళ్ళు పోయాక ఒక పండు తిన్నాను. మహా తియ్యగా ఉంది. ఆ తీపి నాకు మింగుడు పడలేదు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడైనా దవాఖాన మీదుగా పోతే పలకరించి పోయేది. పిల్లల చదువులు చెప్పేది, నా నడుం నొప్పి అడిగేది. ఒక్కోసారి ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. నవ్వుతూ ఉన్న మనిషితో ఎలా మొదలుపెడతాం? ఈమెకు తెలియదు, తెలిస్తే నా మొహం చూడదు అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను.

భాష రాని మనిషి

నా సర్వీసులో చివరి యాసంగి. అప్పటికి నేను హెడ్ నర్సును, ఖదీర్ సాబ్ ఎప్పుడో రిటైరయ్యారు. పదకొండు గంటలవేళ ట్రాలీ ఆటో వచ్చింది. ముందు దిగింది మంజుల. లోపల ఇరవై రెండేళ్ళ కుర్రాడు, వాళ్ళ ఊళ్ళో వరికోత మిషను నడిపేవాడు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చాడు, హిందీ తప్ప రాదు. ఇప్పుడు ఆ హిందీ కూడా తిన్నగా రావడం లేదు. ఒంటి మీద తడి చీర చుట్టి ఉంది. చేతులకు కట్లు లేవు. సైదులే పక్కన కూర్చుని అతని తల పట్టుకున్నాడు. నెమ్మదిగా ఏదో చెబుతున్నాడు, పసిపిల్లవాణ్ణి జోకొట్టినట్టు.

బల్ల దగ్గరున్న కొత్త నర్సు అంది, "వడదెబ్బ కేసు మేడం, పక్క మంచం మీద..."

ఆ మాట పూర్తికాకముందే మంజుల నా మొహంలోకి చూస్తూ గట్టిగా అంది. "ముందుగాల ముట్టి సూడు సిస్టరమ్మా. గప్పుడు ముట్టలే నువ్వు."

గదిలో ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. అయితే నా చెయ్యి అప్పటికే ఆ పిల్లాడి ఛాతీ మీద ఉంది. కాలుతోంది. థర్మామీటరు పెట్టాను, నూట అయిదు. కళ్ళు చూశాను. డ్యూటీ డాక్టరమ్మను పిలిచి, "ఉత్తేజం మందు మేడం, వడదెబ్బ కూడా కలిసింది, చల్లబరుస్తున్నం, సూది రెడీ ఉంది," అని చెప్పాను. మంజుల ప్లాస్టిక్ కవరు ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో సగం ఖాళీ అయిన మాత్రల పట్టీ. "రాత్రి పగలు మిషన్ మీదనే ఉంటుండు. ఇయ్యాల పొద్దుగాల మళ్ళల్ల ఉరుకుడు వెట్టిండు. మా వాడకట్టోళ్ళు తాళ్ళు దెచ్చిండ్రు. కట్టినోని చేతులిరుస్తనన్న."

ఇ.సి.జి. తీశాం, సెలైన్ పెట్టాం, ఐసు పెట్టాం. రెండు సూదులు పట్టింది. మధ్యాహ్నానికి నూట ఒకటికి దిగింది. మూత్రం తేటగా వచ్చింది. ఆ తేట నీళ్ళు చూసి నేను ఎంత సంతోషపడ్డానో నర్సులు కాకుండా ఎవరికి చెప్పినా నవ్వుతారు. సాయంత్రం ఆ కుర్రాడు కళ్ళు తెరిచి తన మిషను ఎక్కడుందని అడిగాడు. "నీ మిషను పొలంల నిలవడ్డది, నువ్వు గిట్ల పండుకో," అని సైదులు తెలుగులోనే చెప్పాడు. ఎలా అర్థమైందో, పడుకున్నాడు.

వరండాలో మంజుల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

"నీకు ఎర్కేనా మంజులా?"

"ఎర్క లేకేంది? గంటసేపు కాళ్ళకాడ నిలవడ్డ గద."

"మల్ల ఒక్కనాడన్న అనకపోతివి! పండ్లు దెచ్చినవ్, చేతులు పట్టుకున్నవ్. నేను నీ మొగని కట్టేసి, నువ్వు ముట్టి సూడమంటె ముట్టకపోతి. గది నీతోని జెప్పాలని ఎన్నిసార్లు అనుకున్ననో. భయమైంది. తప్పు నాది."

మంజుల చీర కుచ్చెళ్ళ తడి పిండుకుంది.

"నిన్ను ఏమని అందు సిస్టరమ్మా? గుప్పిట్ల గోలీలు వట్టుకొని గంటసేపు నోరిప్పలే నేను. ఆయన జైలుకు వోతడని సూసిన గని, పానం వోతదని సూడలే. నువ్వు ముట్టలే, నేను జెప్పలే. ఇద్దరం గల్సి సంపుతుంటిమి ఆయినెను."

అంటూనే లేచి లోపలికి వెళ్ళి, ఆ భాష రాని పిల్లగాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.